మెట్ల కింద పెట్రోల్ వాసన: చుక్క కనబడని కార్బురేటర్ లీకు (కేస్ స్టడీ)

బండి 125 సీసీ, 2014 మోడల్, కార్బురేటర్‌ది (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం అది). మీటర్ మీద 61 వేల కిలోమీటర్లు దాటింది. వాడకం విజయనగరానికీ నెల్లిమర్లకీ మధ్య. ఊళ్ళో తిరుగుడుతో కలిపి రోజుకి ముప్పై కిలోమీటర్లు. రాత్రిపూట బండి ఉండేది ఇంట్లోనే, మేడ మెట్ల కింద. మూడు వైపులా గోడ, నాలుగో వైపు గ్రిల్లు. గ్రిల్లుకి దోమల జాలీ, దాని మీద వాన జల్లు పడకుండా కట్టిన ప్లాస్టిక్ పట్టా. బండి పక్కనే ఇన్వర్టరు, దాని బ్యాటరీ.

ఓనరు చెప్పింది ఇదీ: "బండి లోపల పెట్టేక పావుగంటకి మొదలవుతాదండి. పడుకునే వేళకి హాల్లోకి వచ్చేస్తాది. పొద్దున్న తలుపు తీస్తే గుప్పుమంటాది. కింద చూస్తే ఒక్క చుక్క ఉండదు."

బండి మా షాపుకి వచ్చేసరికే పెట్రోల్ ట్యాప్ మారింది, ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిండగానే దారి మూసే సూది) మారింది, కార్బురేటర్ ఒకటికి రెండుసార్లు కడిగించారు, ట్యాంకు మూతకి కొత్త వాషరు కూడా పడింది. వాసన మాత్రం అలాగే ఉంది. మార్చినవేవీ పనికిరాని పార్టులు కావు. లీకు ఎంతో కొలవకుండా, ఏ దారిలో వస్తోందో తేల్చకుండా మార్చడమే ఇక్కడ జరిగిన పొరపాటు. పెట్రోల్ వాసన కేసులో పాన కన్నా ముందు కావలసినవి ఒక సీసా, ఒక సిరంజి, మూరెడు పారదర్శకమైన పైపు. ఈ కేసు తేలింది ఆ మూడింటితోనే.

బండి కన్నా ముందు ఇల్లు

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలబారుగా పాకుతుంది, గుంటల్లోనూ మూలల్లోనూ నిలుస్తుంది. గాలిలో దాని వాటా 1.4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. సుమారు 7.6 శాతం దాటాక మళ్ళీ అంటుకోదు, కానీ తలుపు తీసి గాలి తగలగానే అదే ఆవిరి అంటుకునే స్థాయికి దిగుతుంది.

ముక్కు దీనికన్నా చాలా ముందే పసిగడుతుంది. కాబట్టి వాసన వచ్చినంత మాత్రాన ఇల్లు అంటుకుంటుందని బెంబేలు పడక్కర్లేదు. అలాగని ముక్కునే నమ్ముకోవడమూ కుదరదు. ముక్కు ఉండేది అయిదడుగుల ఎత్తున, ఆవిరి ఉండేది పాదాల దగ్గర. పైగా కొద్ది నిమిషాల్లో ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. ఇంట్లోవాళ్ళకి తెలియని వాసన చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి తెలిసేది అందుకే. పరీక్ష చేసే మనిషి మధ్య మధ్యలో ఆరుబయటికి వెళ్ళి పది నిమిషాలు ఆగి మళ్ళీ రావాలి.

ఈ ఇంట్లో అసలు భయం ఇన్వర్టరు గురించి. కరెంటు పోయినప్పుడల్లా లోపల రిలే (కరెంటు దారి మార్చే స్విచ్) టక్కుమంటుంది. ఆ టక్కులో చిన్న నిప్పురవ్వ ఉంటుంది. అది కూర్చున్నదీ నేల మీదే. బండి బాగయ్యేదాకా బయట పెట్టమని, బాగయ్యాక కూడా ఇన్వర్టరుని అక్కడి నుంచి తీయమని ముందే చెప్పాం. పట్టా అడుగుభాగం ఒక అడుగు మేర పైకి చుట్టేయమన్నాం. ఆవిరి కిందనుంచే పోతుంది కాబట్టి పైన కిటికీ తెరిచినా పెద్దగా లాభం లేదు, కింద సందు కావాలి.

వాసన గట్టిగా ఉన్న గదిలో లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆపకూడదు కూడా. స్విచ్ ఏ వైపు కదిలినా రవ్వ పుడుతుంది. ఎగ్జాస్టు ఫ్యాను ఆలోచన అసలే వద్దు. బండి అక్కడే స్టార్ట్ చేయకుండా చేత్తో తోసుకుని బయటికి తీయాలి. దేవుడి మూల దీపం, అగరొత్తులు, వంటింట్లో స్టవ్వు ఆర్పేయాలి. నేల మీద పెట్రోల్ కనబడితే నీళ్ళు కొట్టకూడదు, నీటి మీద తేలి ఇంకా పరుచుకుంటుంది. ఇసుకో పొడి మట్టో వేసి పీల్పించి, దాన్ని ఆరుబయట పారేయాలి.

ఏ వేళకి వస్తోంది వాసన?

బండి ఆపాక ఎంతసేపటికి వాసన మొదలైంది, ఎంతసేపు ఉంది అన్నది అడిగితే సగం దారి తెలుస్తుంది.

కార్బురేటర్ బండి ఆపగానే పది పదిహేను నిమిషాలపాటు కొద్దిపాటి వాసన ఉండటం సహజం. తిరుగుతున్నంతసేపూ గాలి ఇంజిన్‌ని చల్లబరుస్తుంది. ఆపగానే గాలి ఆగిపోయి, సిలిండరు వేడి ఇన్‌టేక్ (కార్బురేటర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్ళే గొట్టం) మీదుగా కార్బురేటర్‌కి ఎక్కుతుంది. పెట్రోల్‌లో తేలికపాటి భాగాలు 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే బౌల్‌లో ఉన్న పెట్రోల్ కొంత ఆవిరై గాలి రంధ్రం గుండా బయటికి వస్తుంది. అరగంటలో తగ్గిపోయే వాసనకి ఏ పార్టూ మార్చక్కర్లేదు.

ట్యాంకు నిండుగా కొట్టించిన రోజునే, అదీ ఎండపూట వాసన వస్తే మూత వైపు చూడాలి. బండి తిరిగినా తిరగకపోయినా ఒకే రకంగా వస్తే ట్యాంకు, ట్యాప్, పైపు కీళ్ళ దగ్గర వెతకాలి. ఆపిన తర్వాత మొదలై, తగ్గకుండా గంటగంటకీ పెరుగుతూ పోతే ఎక్కడో ద్రవంగానే కారుతోందని అర్థం. మన కేసు ఈ చివరి రకం. చుక్క కనబడటం లేదన్న మాటని అందుకే పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇంకో రెండు సంగతులు అడిగితే బయటపడ్డాయి. ఒకటి, మైలేజీ రెండు మూడు కిలోమీటర్లు తగ్గింది. రెండు, పని చోట పగలంతా బండి ఉన్నా అక్కడ వాసన తెలియదు. అక్కడ చెట్టు కింద ఆరుబయట, సైడ్ స్టాండ్ మీద. ఇంట్లో చోటు ఇరుకు కాబట్టి మెయిన్ స్టాండ్ మీద. ఆరుబయట వాసన తెలియకపోవడంలో వింత లేదు. స్టాండ్ తేడా మాత్రం తర్వాత ముఖ్యమైన ఆధారం అయింది.

సీసాలో పట్టిన లీకు

ముందు కిందంతా పొడిగుడ్డతో తుడిచి, ట్యాప్ మెడ, పైపు రెండు కొసలు, బౌల్ అంచు, క్రాంక్ కేసు (ఇంజిన్ కింది పెట్టె) వెనక భాగం మీద సుద్దపొడి అద్దాం. పెట్రోల్ పారిన చోట పొడి తడిసి చార కడుతుంది, పెట్రోల్ ఆరిపోయినా చార నిలుస్తుంది. బండిని ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగా, ట్యాప్ తెరిచి మెయిన్ స్టాండ్ మీద పెట్టాం.

ట్యాప్ పొడిగా ఉంది. బౌల్ అంచు పొడిగా ఉంది. పైపు కింది కొస దగ్గర సన్నటి చెమ్మ. అసలు చార కనబడింది క్రాంక్ కేసు వెనక, గేరుబాక్సు పై మడతలో. దాని పైన ఏముందా అని చూస్తే ఓవర్‌ఫ్లో పైపు, అంటే బౌల్‌లో ఎక్కువైన పెట్రోల్ బయటికి పోయే పైపు. నిజానికి అది కిందిదాకా వచ్చి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) వెనక నేల వైపు తెరుచుకోవాలి. ఈ బండికి సగంలో తెగిపోయి, కొస ఇంజిన్ మీదికి వాలి ఉంది.

నేల మీద చుక్క ఎందుకు లేదో దీంతో తేలింది. కారిన పెట్రోల్ వేడి కేసింగ్ మీద పడి, జిడ్డు మీద పల్చగా పరుచుకుని అక్కడికక్కడే ఆవిరవుతోంది. ఇంజిన్ చల్లారాక కూడా చుక్క చుక్కకీ మధ్య అంత వ్యవధి ఉంది కాబట్టి నేలకి చేరేలోపే ఆరిపోతోంది.

తెగిన పైపు తీసి, కార్బురేటర్ కింద అది తొడిగి ఉన్న కొనకి కొత్త పారదర్శకమైన పైపు తొడిగి, రెండో కొస చిన్న సీసాలో దించాం. కొలిచినది ఇదీ: ట్యాప్ తెరిచి మెయిన్ స్టాండ్ మీద, వేడి ఇంజిన్‌తో మొదటి గంటలో 4 మిల్లీలీటర్లు. ఆ తర్వాత చల్లారాక గంటకి 3 మిల్లీలీటర్ల చొప్పున నిలకడగా. సైడ్ స్టాండ్ మీద గంటకి 1 మిల్లీలీటరు.

గంటకి 3 మిల్లీలీటర్లంటే, పెట్రోల్ చుక్క సుమారు మిల్లీలీటరులో యాభయ్యో వంతు కాబట్టి, గంటకి 150 చుక్కలు. ఇరవై నాలుగు సెకన్లకో చుక్క. రాత్రి పదింటికి పెడితే పొద్దున్న ఆరింటికి 25 మిల్లీలీటర్లు. అంతే కదా అనిపిస్తుంది. అది మొత్తం ఆవిరైతే దాదాపు నాలుగున్నర లీటర్ల ఆవిరి. 1.4 శాతం పాళ్ళలో గాలితో కలిస్తే మూడో వంతు ఘనపు మీటరు గాలిని అంటుకునేలా చేయగలదు. ఈ మెట్ల కింద నేల మూడు చదరపు మీటర్లు. గాలి కదలకపోతే నేల పొడవునా 11 సెంటీమీటర్ల మందాన పరుచుకునే లెక్క. గ్రిల్లులోంచి కొంత పోతుంది కాబట్టి నిజంగా అంత నిలవకపోవచ్చు. కానీ ఇన్వర్టరు ఎత్తు ఆ పొరలోనే ఉంది.

ఒకే కొన, మూడు దారులు

ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోల్ వస్తే మెకానిక్ నోట మొదట వచ్చే మాట "కార్బురేటర్ ఓవర్ అవుతోంది, నీడిల్ పోయింది." చాలాసార్లు అది నిజమే. నీడిల్ కొన మీద గుండ్రటి గాడి పడితే, సీటులో నలక ఇరుక్కుంటే, పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని మూసే ఫ్లోట్‌కి చిల్లు పడి బరువెక్కితే పెట్రోల్ ఆగదు. బౌల్‌లో మట్టం పెరిగి, మధ్యలో నిలబెట్టిన ఇత్తడి గొట్టం పై అంచు దాటి కిందికి పోతుంది. ఆ గొట్టం పని అదే. అది లేకపోతే పెట్రోల్ ఇంజిన్‌లోకి పోతుంది.

అయితే ఈ తరహా కార్బురేటర్లలో కింద కనబడే ఆ ఒక్క కొనకి లోపల మూడు దారులు కలుస్తాయి. ఒకటి, పైన చెప్పినట్టు గొట్టం పై అంచు. రెండు, డ్రెయిన్ స్క్రూ (బౌల్ ఖాళీ చేయడానికి అడుగున ఉండే స్క్రూ) సీటు. స్క్రూ కొన అరిగినా, కింద మడ్డి పేరుకున్నా అది సరిగా కూర్చోదు, పెట్రోల్ అదే కొనలోంచి కారుతుంది. మూడు, గొట్టమే పగలడం. ఇత్తడి గొట్టాన్ని బౌల్‌లోకి బిగుతుగా దిగగొడతారు. ఏళ్ళ తరబడి ఆ బిగుతు, ఇంజిన్ అదురు, వేడి చల్లదనం మార్పులు కలిసి గొట్టం పొడవునా వెంట్రుక లాంటి పగులు తెస్తాయి. కడిగేటప్పుడు గొట్టంలో తీగ పెట్టి కెలికితే అది ఇంకా తొందరగా వస్తుంది. మట్టం సరిగ్గానే ఉంటుంది, నీడిల్ బాగానే ఉంటుంది, పెట్రోల్ మాత్రం పగులులోంచి గొట్టం లోపలికి జారి కిందికి పోతుంది. బౌల్‌లో మట్టం ఆ మేరకి తగ్గగానే ఫ్లోట్ దిగుతుంది, నీడిల్ తెరుచుకుంటుంది, ట్యాంకు నుంచి మళ్ళీ పెట్రోల్ వస్తుంది. ట్యాప్ తెరిచి ఉన్నంతసేపూ ఇదే తంతు.

మూడింటినీ బౌల్ విప్పకుండానే విడదీయొచ్చు.

మొదట మట్టం చూడాలి. కొనకి తొడిగిన పారదర్శకమైన పైపుని కార్బురేటర్ పక్కనుంచి నిలువుగా పైకి పట్టుకుని, ట్యాప్ తెరిచి, డ్రెయిన్ స్క్రూని ఒకటిన్నర చుట్టు వదులు చేస్తే, బౌల్‌లో ఎంత ఎత్తున పెట్రోల్ ఉందో పైపులోనూ అంత ఎత్తే నిలుస్తుంది. బండి మెయిన్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. పైపుని ముందు పైకెత్తాకే స్క్రూ వదలాలి, లేకపోతే పెట్రోల్ చేతి మీదా ఇంజిన్ మీదా పడుతుంది. ఈ బండిలో మట్టం బౌల్ కీలు గీతకి 4 మిల్లీమీటర్లు కింద నిలిచింది. కార్బురేటర్‌ని బట్టి ఈ కొలత మారుతుంది, ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌దే ప్రమాణం. దీనికి అది హద్దులోనే ఉంది. అరగంట ఉంచినా పెరగలేదు. అంటే నీడిల్ పట్టుకుంటోంది, మొదటి దారి కొట్టేయొచ్చు.

తర్వాత డ్రెయిన్ స్క్రూ బిగించి, పైపులో ఉన్నది ఖాళీ చేసి, మళ్ళీ పైకెత్తి కట్టాం. స్క్రూ మూసి ఉంది, మట్టం సరిగా ఉంది కాబట్టి పైపు ఖాళీగానే ఉండాలి. అది మెల్లగా నిండుతూ వచ్చి బౌల్ మట్టం దగ్గరే ఆగింది. మిగిలినవి రెండే దారులు: స్క్రూ, పగులు.

ఆ రెండింటినీ విడదీసేది ట్యాప్. ట్యాప్ మూసి, పైపు కొస సీసాలో దించి వదిలేశాం. నాలుగు గంటలకి 9 మిల్లీలీటర్లు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత డ్రెయిన్ స్క్రూ తెరిస్తే ఇంకో 15 మిల్లీలీటర్లు వచ్చాయి. స్క్రూయే కారుతుంటే బౌల్ అడుగుదాకా ఖాళీ అయ్యేది, తర్వాత తెరిచినా ఏమీ వచ్చేది కాదు. మధ్యలో ఆగిందంటే లీకు బౌల్ అడుగున లేదు, గోడ మధ్య ఎత్తున ఎక్కడో ఉంది. ఆ ఎత్తున ఉన్నది ఇత్తడి గొట్టమొక్కటే. బండి వాలితే గొట్టం దగ్గర పెట్రోల్ ఎత్తు మారుతుంది కాబట్టి సైడ్ స్టాండ్ మీద లీకు తగ్గడమూ దీనితో సరిపోయింది. నీడిల్ పోయిన బండి రెండు స్టాండ్ల మీదా కారుతుంది.

బౌల్ విప్పాక

నాలుగు స్క్రూలు. మెత్తటి స్క్రూ తలలు ఇవి, సైజు కుదరని స్క్రూడ్రైవరుతో తిప్పితే గుండ్రంగా అరిగిపోతాయి. బౌల్ అడుగున తుప్పు రంగు మడ్డి కొద్దిగా, నీటి బొట్లు రెండు మూడు. కళ్ళతో చూస్తే గొట్టం శుభ్రంగా ఉంది. పగులు కనబడలేదు.

బౌల్‌ని తుడిచి ఆరబెట్టి, డ్రెయిన్ స్క్రూ బిగించి, సమంగా పెట్టి, గొట్టం అంచుకి 3 మిల్లీమీటర్లు కిందిదాకా కిరసనాయిలు పోశాం. ఈ పరీక్షకి పెట్రోల్ అక్కర్లేదు, కిరసనాయిలు చాలు, ప్రమాదమూ తక్కువ. అయిదో నిమిషానికి కింది కొన దగ్గర బొట్టు కట్టింది. తర్వాత కొనకి పైపు తొడిగి 10 మిల్లీలీటర్ల సిరంజితో గాలి మెల్లగా నెడితే, గొట్టం పక్కనుంచి సన్నటి బుడగలు వరసగా లేచాయి. నోటితో ఊదే అలవాటు చాలామందికి ఉంది. అది మానుకోవాలి. ఒక్క గుటక పెట్రోల్ పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆసుపత్రి పాలవుతారు.

బుడగలు లేచిన చోట భూతద్దంతో చూస్తే 6 మిల్లీమీటర్ల పొడవున నిలువు గీత. వేలిగోటికి కూడా తగలదు. కార్బురేటర్‌ని ఎన్నిసార్లు కడిగినా ఇది పోదు. కడిగిన ప్రతిసారీ మడ్డి పోయి పగులు ఇంకొంచెం తెరుచుకుని ఉండొచ్చు కూడా.

బాగు చేసిన తీరు

సరైన దారి బౌల్ మార్చడమే. చిక్కేమిటంటే విడి బౌల్ అన్ని షాపుల్లో దొరకదు, మొత్తం కార్బురేటర్ కొనమంటారు. పగులు తప్ప మిగతా అంతా బాగున్నప్పుడు అంత ఖర్చు పెట్టించడం న్యాయం కాదు. అదే మోడల్ పాత కార్బురేటర్ నుంచి మంచి బౌల్ తీసుకోవచ్చు. కాకపోతే రెండు సంగతులు చూడాలి. దాని గొట్టం ఎత్తు పాతదానితో సమానంగా ఉండాలి, వెర్నియర్‌తో కొలవాలి. ఒక మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా మట్టం సరిగ్గా ఉండగానే ఓవర్ అవుతుంది. రెండోది, దాన్నీ కిరసనాయిలు పరీక్షకి పెట్టాకే బిగించాలి. ఇక్కడ అలా తెచ్చిన బౌలే వేశాం.

బౌల్ అసలే దొరక్కపోతే సీసపు టంకం పని చేస్తుంది, జాగ్రత్తగా చేస్తే. గొట్టాన్ని సన్నటి ఎమరీతో మెరిసేలా రుద్ది, ఫ్లక్స్ (టంకం అంటుకునేలా చేసే మందు) రాసి, 60 వాట్ల ఐరన్‌తో పల్చటి పొర ఎక్కించాలి. గ్యాసు మంట పెట్టకూడదు. బౌల్ జింకు మిశ్రమం, 380 డిగ్రీల దాపున కరిగిపోతుంది. టంకం 190 లోపే పారుతుంది కాబట్టి ఐరన్ వేడి చాలు. పని అయ్యాక ఫ్లక్స్ పూర్తిగా కడగాలి, లేకపోతే అదే ఇత్తడిని తింటుంది. రెండు ట్యూబులు కలిపి రాసే జిగురు, ముద్ద చేసి అంటించే సీలు ఇక్కడ వాడొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అందులో నానితే అవి మెత్తబడి ఊడి, ముక్కలు జెట్టులో (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం) ఇరుక్కుంటాయి.

బౌల్ రబ్బరు సీలు కొత్తది వేయాలి. పెట్రోల్ తాగి ఉబ్బిన పాత సీలు గాడిలో మళ్ళీ కూర్చోదు, నొక్కి బిగిస్తే నలిగి అక్కడ ఇంకో లీకు తయారవుతుంది. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. చేతి బలం అంతా పెడితే కార్బురేటర్ ఒంట్లో మరలు ఊడి వస్తాయి.

నీడిల్ ఎలాగూ బయటపడింది కాబట్టి చూశాం. కొత్తదే, గాడి లేదు. ఫ్లోట్‌ని వేడినీళ్ళలో ముంచితే బుడగ రాలేదు. రెండూ అలాగే ఉంచాం.

ఇంజిన్ ఆయిలు కొలపుల్ల తీసి చూడటం ఈ కేసుల్లో మరవకూడదు. ఆయిలు మట్టం పై గీత దాటినా, పుల్లకి పెట్రోల్ వాసన కొట్టినా పెట్రోల్ సంపులో (ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే చోటు) కలిసిందని అర్థం. అలాంటి ఆయిలుతో ఒక్క కిలోమీటరు కూడా తిప్పకుండా మార్చేయాలి. పల్చబడిన ఆయిలు క్యామ్‌నీ బేరింగులనీ కాపాడదు. ఈ బండికి ఆయిలు బాగానే ఉంది.

ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఓవర్‌ఫ్లో పైపు కారుతోందని దాని కొసకి స్క్రూ బిగించేసిన బండ్లు, మడిచి తీగతో కట్టేసిన బండ్లు తరచు కనబడతాయి. వాసన ఆ రోజుకి ఆగుతుంది. నీడిల్ పట్టుకోని రోజున పెట్రోల్‌కి బయటికి దారి ఉండదు. ఇన్‌టేక్‌లోకి పారి, వాల్వ్ తెరిచి ఉంటే సిలిండర్‌లోకి దిగుతుంది. సిలిండరు గోడల మీది ఆయిలుని కడిగేసి, రింగుల పక్కనుంచి సంపులోకి చేరుతుంది. పొద్దున్న కిక్ రాయిలా ఆగిపోతే, బలవంతాన తొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పైపు మూయకండి, మూయించకండి.

పైపు, మూత, నింపే తీరు

ట్యాప్ నుంచి కార్బురేటర్‌కి వచ్చే పైపు గట్టిపడి, కింది కొసలో బీటలు తీసింది. సుద్దపొడిలో చెమ్మ కనబడింది ఇక్కడే. ఇది అసలు లీకు కాదు కానీ వాసనలో దానికీ కొంత వాటా ఉంది. ఇథనాల్ పెట్రోల్‌కి తట్టుకునే పైపు 20 సెంటీమీటర్లు, రెండు స్ప్రింగు క్లిప్పులు వేశాం. బీటలున్న కొస కోసేసి మిగతాది మళ్ళీ తొడిగే అలవాటు మంచిది కాదు. పైపు పొట్టిదై లాగిపెట్టినట్టు ఉంటుంది, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా, ఇంజిన్ అదిరినప్పుడల్లా కొస జారుతుంది. ఓవర్‌ఫ్లో పైపు కూడా పూర్తి పొడవుది వేసి, క్లిప్పులోంచి పోనిచ్చి, సైలెన్సరుకి దూరంగా నేల వైపు వదిలాం.

ట్యాంకు మూత గాలి రంధ్రం బాగానే ఉంది. కానీ మూత అంచు దాకా నింపించే అలవాటు ఓనరుకి ఉంది. పెట్రోల్ ఒక్కో డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. బంకులో భూమి లోపలి ట్యాంకు నుంచి 28 డిగ్రీల దగ్గర వచ్చిన 10 లీటర్లు, మే నెల ఎండలో 45కి వేడెక్కితే సుమారు 160 మిల్లీలీటర్లు పెరుగుతాయి. పోవడానికి చోటు లేకపోతే అది మూత రంధ్రంలోంచి పైకి వస్తుంది. మెడ లోపల కనబడే రింగు అడుగుకి పెట్రోల్ తగలగానే ఆపించాలి.

2017 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 4 కాలుష్య నిబంధనలతో రెండు చక్రాల బండ్లకి ఆవిరిని పీల్చే బొగ్గు డబ్బాలు రావడం మొదలైంది. ఈ 2014 బండికి అది లేదు. ట్యాంకు ఆవిరి నేరుగా గాలిలోకే పోతుంది. కాబట్టి వాసన పూర్తిగా సున్నా అవుతుందని ఓనరుకి మాట ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

తిరిగి కొలిచి చూడటం

నెల్లిమర్లదాకా వెళ్ళి వచ్చిన వేడి ఇంజిన్‌తో, ట్యాప్ తెరిచి, పైపు కొస సీసాలో పెట్టి మెయిన్ స్టాండ్ మీద మూడు గంటలు, సైడ్ స్టాండ్ మీద మూడు గంటలు. రెండింటిలోనూ సీసా పొడి. డ్రెయిన్ స్క్రూ మూసి పైపు పైకెత్తి కడితే లోపలికి ఒక్క బొట్టు రాలేదు. మట్టం మళ్ళీ 4 మిల్లీమీటర్ల దగ్గరే నిలిచింది. సుద్దపొడి ఎక్కడా తడవలేదు. అప్పుడే బండి ఇంటికి పంపాం.

ఆపిన పావుగంట దాకా పల్చటి వాసన ఇంకా ఉంటుంది. దాన్నీ తగ్గించే చిట్కా ఉంది. ఈ బౌల్‌లో పట్టేది 24 మిల్లీలీటర్లు. లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి అది కిలోమీటరు పైచిలుకు దూరం సరిపోతుంది. ఇంటికి అర కిలోమీటరు ఉందనగా ట్యాప్ మూసేస్తే, ఇల్లు చేరేసరికి బౌల్ దాదాపు సగం ఖాళీ అవుతుంది, మరిగి ఆవిరయ్యే పెట్రోల్ ఆ మేరకి తగ్గుతుంది. రద్దీగా ఉండే కూడళ్ళు దాటాక, సొంత వీధి మలుపులోనే ఇది చేయాలి. నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఇంకో ప్రమాదం. పొద్దున్న స్టార్ట్ చేసే ముందు ట్యాప్ తెరిచి అర నిమిషం ఆగితే బౌల్ నిండుతుంది.

ఇంజెక్షన్ బండ్లకీ స్కూటర్లకీ

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే కార్బురేటర్ బదులు పంపు ఒత్తిడితో పెట్రోల్ చిమ్మేవే. వాటిలో బౌల్ లేదు, ట్యాప్ లేదు, పైన చెప్పిన పరీక్షలు నడవవు. ఆపాక వాసన వస్తే ట్యాంకులో పంపు బిగించిన చోటి రబ్బరు రింగు, పంపు నుంచి వచ్చే పైపు కొస క్లిప్పు, ఇంజెక్టరు ఓరింగు చూడాలి. పైపులో మూడు బార్ల దాపున ఒత్తిడి ఉంటుంది, ఇంజిన్ ఆపినా కొంతసేపు నిలుస్తుంది. క్లిప్పు తీస్తే పెట్రోల్ కళ్ళలోకి చిమ్ముతుంది, కాబట్టి ఒత్తిడి తీసేయకుండా చేయి పెట్టకూడదు. అంచు దాకా నింపే అలవాటుంటే పెట్రోల్ బొగ్గు డబ్బాలోకి పోయి బొగ్గు తడిసిపోతుంది, అది ఇక ఆవిరి పీల్చదు. పాత కార్బురేటర్ స్కూటర్లలో చాలావాటికి చేత్తో మూసే ట్యాప్ ఉండదు, ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే ట్యాప్ ఉంటుంది. దాని లోపలి పొర చిరిగితే పెట్రోల్ ఆ సన్నటి పీల్పు పైపులోంచే ఇంజిన్‌లోకి పోతుంది. బయట ఎక్కడా తడి కనబడదు. ఇంజిన్ ఆపి ఆ సన్నపైపు కొస పీకి చూస్తే చాలు, అందులో పెట్రోల్ చెమ్మ ఉంటే ట్యాప్ మార్చి, ఆయిలు కూడా మార్చాలి.